షార్ట్‌వేవ్‌లో డీఎస్సీ, సెల్‌కాల్: తిరుపతి, చిత్తూరు హ్యామ్‌లు (అభిరుచి రేడియో ఆపరేటర్లు) తరచుగా అడిగే ప్రశ్నలు

డీఎస్సీ అంటే ఏమిటి?

మన జిల్లాల్లో డీఎస్సీ అనగానే టీచరు పోస్టుల పరీక్షే గుర్తొస్తుంది. ఇక్కడ డీఎస్సీ అంటే డిజిటల్ సెలెక్టివ్ కాలింగ్. ఒక ఛానెల్‌ను ఎంతమంది వింటున్నా, మనకు కావలసిన ఒక్క స్టేషన్‌ను పేరు పెట్టి పిలిచే పద్ధతి ఇది. ఆ పేరు ఒక నంబరు. పిలుపు అందగానే అవతలి రిగ్ (రేడియో సెట్) గంట కొడుతుంది, లేదా అప్పటిదాకా మూసి ఉన్న స్పీకర్ తెరుచుకుంటుంది. ఎవరు పిలిచారో తెర మీద కనిపిస్తుంది. దీని పని అంతవరకే. తలుపు తట్టడం డీఎస్సీ వంతు, మాట్లాడటం మైకు వంతు.

దీన్ని ఓడల కోసం తయారు చేశారు. సంకేతం ఎలా ఉండాలో అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ సిఫారసు ఎం.493 చెబుతుంది, ఎలా వాడాలో ఎం.541 చెబుతుంది. 1999 ఫిబ్రవరి 1 నుంచి సముద్ర ప్రమాద సమాచార వ్యవస్థ జీఎండీఎస్ఎస్ పూర్తిగా అమల్లోకి వచ్చింది. అందులో మొదటి పిలుపు దీనిదే.

సముద్రం లేని చిత్తూరు వాళ్లకు దీనితో పనేమిటి?

తుపాను రాత్రి నెట్‌లో (హ్యామ్‌లంతా ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసే కూటమి, ఇంటర్నెట్ కాదు) కూర్చున్న ఆపరేటర్ సంగతి చూడండి. 40 మీటర్ల బ్యాండ్‌లో ఉరుముల చిటపటలు, హోరు వింటూ ఎనిమిది గంటలు కూర్చోవడం ఎవరికైనా కష్టం. వాల్యూమ్ తగ్గిస్తే పిలుపు తప్పిపోతుంది. 2021 నవంబర్ వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినట్టు మళ్లీ జరిగితే, స్పీకర్ మూసుకుని కునుకు తీసినా తన నంబరుకు పిలుపు వచ్చినప్పుడు లేపే రిగ్ ఉండటం చాలా పెద్ద ఊరట. మామూలు ఎస్ఎస్‌బీ (షార్ట్‌వేవ్‌లో మాటలకు వాడే ప్రసార పద్ధతి) రిగ్‌లోని స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు స్పీకర్ మూసే ఏర్పాటు, ఈ పని చేయలేదు. పిడుగు చప్పుడుకూ అది తెరుచుకుంటుంది.

సెల్‌కాల్, డీఎస్సీ ఒకటేనా?

మూలం ఒకటే, పొడవు వేరు. ఆస్ట్రేలియాలో తయారయ్యే కోడాన్, బారెట్ వంటి హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) రిగ్‌లలో ఉండే సెల్‌కాల్‌ను (సెలెక్టివ్ కాల్) సీసీఐఆర్ 493-4 అంటారు. సీసీఐఆర్ అన్నది ఐటీయూ రేడియో విభాగానికి పాత పేరు. '4' ఆ సిఫారసు కూర్పు సంఖ్య. టోన్లు, వేగం, పది బిట్ల అక్షరం అన్నీ డీఎస్సీవే. ఓడల డీఎస్సీలో చిరునామా 9 అంకెలు. సెల్‌కాల్‌లో మామూలుగా 4 అంకెలు, తర్వాత వచ్చిన రకాల్లో 6. అందుకే సముద్ర డీఎస్సీ చదివే సాఫ్ట్‌వేర్‌కు సెల్‌కాల్ ఇస్తే టోన్లు పట్టుకుంటుంది గానీ సందేశాన్ని చూపించలేకపోవచ్చు. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు.

హ్యామ్ బృందానికి మా సలహా 4 అంకెల సెల్‌కాల్. 9 అంకెల ఎంఎంఎస్ఐ నంబర్లు ఓడలకు, తీర కేంద్రాలకు ప్రభుత్వాలు ఇచ్చేవి. 419తో మొదలయ్యేవి భారత ఓడలవి. మనం ఊహించి రాసుకున్న 9 అంకెలు ఎవరో ఒకరి నంబరు అయ్యే ప్రమాదం ఉంది. నాలుగు అంకెలు ఎంచుకునేటప్పుడు చివర 00 వచ్చేవి ఎవరికీ ఇవ్వకండి. వాటిని గుంపు మొత్తాన్ని పిలవడానికి వాడతారు. 

లైసెన్స్ సంగతి?

మూడు విషయాలు చూసుకోవాలి. మీ లైసెన్స్‌లో అనుమతించిన ప్రసార రకాల్లో ఎఫ్1బీ (ఫ్రీక్వెన్సీ మార్చుతూ డేటా పంపే రకం) ఉందా అన్నది మొదటిది. ఎస్ఎస్‌బీ రిగ్‌లో ఆడియో టోన్లు వేసి పంపేదాన్ని జె2బీ అని కూడా రాస్తారు. రెండోది: సెల్‌కాల్ నంబరు మీ గుర్తింపు కాదు. పిలుపు ముందు, చివర కాల్‌సైన్‌ను గొంతుతోనో మోర్స్‌లోనో చెప్పి తీరాలి. మూడోది: ఈ సంకేతం అందరికీ తెలిసిన బహిరంగ పద్ధతి కాబట్టి రహస్య భాష కిందికి రాదు. దాని మీద సొంత గుప్తలిపి వేస్తే మాత్రం హ్యామ్ నిబంధనలకు విరుద్ధం.

ఓడల డీఎస్సీ ఫ్రీక్వెన్సీల్లో పరీక్షించి చూడవచ్చా?

కుదరదు. 2187.5, 4207.5, 6312, 8414.5, 12577, 16804.5 కిలోహెర్ట్జ్‌లు ప్రాణాపాయ పిలుపుల కోసం ఉన్నవి. హ్యామ్ లైసెన్స్ అక్కడ పనిచేయదు. మన బ్యాండ్‌లలో కూడా ప్రమాద సంకేతమైన 112 ఫార్మాట్‌ను (పిలుపు రకం చెప్పే గుర్తు) పరీక్ష కోసమైనా పంపవద్దు. రిగ్‌లో అలాంటి మెమరీ ఉంటే తీసేయండి. అలాగే 7110, 14300 కిలోహెర్ట్జ్‌లు విపత్తు సమాచారానికి హ్యామ్‌లు అంగీకరించిన కేంద్రాలు. పరీక్షలు వాటికి దూరంగా, బ్యాండ్ ప్లాన్‌లో డేటాకు చూపిన భాగంలో పెట్టుకోండి.

సంకేతం లెక్కలు క్లుప్తంగా చెప్పండి.

హెచ్ఎఫ్‌లో వేగం 100 బాడ్ (సెకనుకు 100 బిట్లు), రెండు టోన్ల మధ్య తేడా 170 హెర్ట్జ్. ఆడియోలో మధ్యబిందువు 1700 హెర్ట్జ్ కాబట్టి టోన్లు 1615, 1785. కింది టోన్ 1, పై టోన్ 0. ఒక బిట్‌కు 10 మిల్లీసెకన్లు. ఒక అక్షరానికి పది బిట్లు, అంటే పదో వంతు సెకను. ఓడల వీహెచ్ఎఫ్ 70వ ఛానెల్‌లో వినిపించేది 1200 బాడ్, టోన్లు 1300, 2100. రెంటినీ కలిపి గందరగోళపడేవాళ్లు చాలామంది. హెచ్ఎఫ్ డీకోడర్‌తో అది రాదు.

రిగ్ డయల్ ఎక్కడ పెట్టాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డీఎస్సీ పట్టికల్లో రాసే ఫ్రీక్వెన్సీ రెండు టోన్ల మధ్యబిందువు. యూఎస్‌బీలో (ఎస్ఎస్‌బీలో పై సైడ్‌బ్యాండ్, కంప్యూటర్ యూఎస్‌బీ కాదు) మన డయల్ చూపేది కనిపించని క్యారియర్‌ను. కాబట్టి పట్టిక విలువలోంచి 1.7 కిలోహెర్ట్జ్ తీసేయాలి. 8414.5 వినాలంటే డయల్ 8412.8. 12577 వినాలంటే 12575.3. డయల్ మీద నేరుగా 8414.5 పెడితే టోన్లు సున్నా దగ్గర పడతాయి, ఏమీ వినిపించదు.

ఇక సైడ్‌బ్యాండ్. 40 మీటర్లలో మాటలకు ఎల్ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్) వాడే అలవాటు మనది. ఎల్ఎస్‌బీలో టోన్లు తలకిందులవుతాయి, 1 కాస్తా 0 అవుతుంది. ఇద్దరూ ఎల్ఎస్‌బీలోనే ఉంటే రెండుసార్లు తిరగబడి సరిగ్గానే అందుతుంది. ఒకరు యూఎస్‌బీ, ఒకరు ఎల్ఎస్‌బీ అయితే డయల్‌ను ఎంత సర్దినా, టోన్లు చెవికి బాగానే వినిపించినా ఒక్క అక్షరం రాదు. బృందమంతా యూఎస్‌బీ అని ముందే రాసి పెట్టుకోండి. కంపెనీ సెల్‌కాల్ రిగ్‌లూ మామూలుగా యూఎస్‌బీలోనే ఉంటాయి.

డయల్ ఎంత కచ్చితంగా ఉండాలి?

టోన్లు మధ్యబిందువుకు అటూ ఇటూ 85 హెర్ట్జ్‌లే. 40, 50 హెర్ట్జ్‌లు పక్కకు పోతే చాలా డీకోడర్లు చేతులెత్తేస్తాయి. 10 లోపు ఉంచండి. సరిచూసుకోవడానికి చైనా సమయ కేంద్రం బీపీఎం 10 మెగాహెర్ట్జ్‌లో వినిపించే వేళ యూఎస్‌బీ డయల్ 9999.0 పెట్టండి. కంప్యూటర్ వాటర్‌ఫాల్‌లో (టోన్లను గీతలుగా చూపే తెర) టోన్ సరిగ్గా 1000 హెర్ట్జ్ దగ్గర రావాలి. 1012 వస్తే రిగ్ చూపేదానికంటే 12 హెర్ట్జ్ కింద ఉందని అర్థం. 7 మెగాహెర్ట్జ్‌లో ఆ తప్పు దాదాపు 8 అవుతుంది. రిగ్ పెట్టాక అరగంట వేడెక్కనిచ్చి కొలవండి. మేడ మీద రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం చూపే విలువ, డిసెంబర్ తెల్లవారుజామున చూపే విలువ ఒకటి కావు.

రిగ్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఏం కావాలి?

రిసీవ్ వైపు ఒక 600 ఓమ్ 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్. ట్రాన్స్‌మిట్ వైపు అలాంటిదే ఇంకొకటి, దానితో స్థాయి తగ్గించే రెండు రెసిస్టర్లు. రిగ్ వెనక డేటా జాక్‌లోకి వెళ్తుంటే సిరీస్‌లో 10 కిలోఓమ్, గ్రౌండ్‌కు 1 కిలోఓమ్. మైక్ జాక్ అయితే సిరీస్‌లో 100 కిలోఓమ్, గ్రౌండ్‌కు 1 కిలోఓమ్. పీటీటీకి (రిగ్‌ను ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే మీట) పీసీ817 ఆప్టోకప్లర్, దాని ఎల్ఈడీకి సిరీస్‌లో 1 కిలోఓమ్. ట్రాన్స్‌ఫార్మర్లు మానేసి నేరుగా వైరు లాగితే గ్రౌండ్ లూప్ హమ్ వస్తుంది. ట్రాన్స్‌మిట్‌లో ఆర్ఎఫ్ దూరి యూఎస్‌బీ పోర్ట్ ఊడిపోవడమూ మామూలే.

పీటీటీ దగ్గర ఒక చిక్కు ఉంది. బజారులో దొరికే యూఎస్‌బీ-టీటీఎల్ మాడ్యూళ్లలో పీటీటీని నడపడానికి వాడే ఆర్‌టీఎస్ పిన్ ఊరికే ఉన్నప్పుడు పైస్థాయిలో ఉంటుంది, పనిచేసినప్పుడు కిందికి వస్తుంది. ఎల్ఈడీని ఆర్‌టీఎస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పెడితే, పెట్టగానే రిగ్ ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లి అలాగే ఉండిపోతుంది. ఎల్ఈడీని 5 వోల్టులకూ ఆర్‌టీఎస్‌కూ మధ్య కలపండి. ల్యాప్‌టాప్ పూర్తిగా లేచాకే రిగ్ ఆన్ చేయడం అలవాటు చేసుకోండి. బూట్ అయ్యేటప్పుడు ఆ పిన్ ఒకటి రెండుసార్లు ఎగరవచ్చు.

ఆడియో స్థాయి, పవర్?

రిగ్‌లో స్పీచ్ ప్రాసెసర్, వాక్స్ (గొంతు వినగానే ట్రాన్స్‌మిట్ చేసేది), నాయిస్ రిడక్షన్, నాయిస్ బ్లాంకర్, ఆటో నాచ్ అన్నీ ఆపేయండి. ఆటో నాచ్ టోన్‌ను శత్రువనుకుని తీసేస్తుంది. ఏజీసీ (రిసీవ్ స్థాయిని తానే సర్దే ఏర్పాటు) ఫాస్ట్‌లో ఉంచండి, స్లోలో ఉంటే ఒక్క పిడుగు చప్పుడు తర్వాత సెకను సేపు చెవిటిదవుతుంది. ట్రాన్స్‌మిట్‌లో ఏఎల్‌సీ మీటరు (ఆడియో మోతాదు మించితే చూపేది) కదలకూడదు. 100 వాట్ల రిగ్‌ను 30, 40 వాట్లకు దించండి. మాటల్లా కాకుండా ఈ సంకేతం ఏడెనిమిది సెకన్లు ఆగకుండా పూర్తి పవర్ లాగుతుంది. పీటీటీ నొక్కాక 200 నుంచి 300 మిల్లీసెకన్లు ఆగి టోన్లు మొదలుపెట్టాలి, లేదంటే మొదటి బిట్లు రిలే మింగేస్తుంది.

పది బిట్ల అక్షరాన్ని ఒకటి చేసి చూపిస్తారా?

ఒక్క స్టేషన్‌ను పిలిచే ఫార్మాట్ గుర్తు 120 తీసుకుందాం. బైనరీలో 1111000. పంపేటప్పుడు చిన్న బిట్ ముందు వెళ్తుంది కాబట్టి 0001111 అవుతుంది. ఇందులో సున్నాలు ఎన్ని? మూడు. ఆ మూడును మూడు బిట్లలో 011 అని రాసి చివర అతికించాలి. ఇక్కడ పెద్ద బిట్ ముందు. మొత్తం 0001111011. అందుకున్నవాడు మొదటి ఏడింటిలో సున్నాలు లెక్కపెట్టి చివరి మూడుతో పోల్చుకుంటాడు. దారిలో ఒక బిట్ తిరగబడితే లెక్క తప్పుతుంది, ఆ అక్షరాన్ని పారేస్తాడు.

125 కూడా చేసి చూడండి. 1011111, ఒక్క సున్నా, 001. మీకు 1011111001 వస్తే పద్ధతి పట్టుబడినట్టే. సొంతంగా ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఏడు బిట్లనూ చెక్ బిట్లనూ ఒకే వరుసలో తిప్పేసి ఇక్కడే పొరబడతారు.

ఒక అక్షరం పోతే పిలుపంతా పోయినట్టేనా?

పోదు, ఈ సంకేతంలోని అందం అక్కడే ఉంది. ప్రతి అక్షరం రెండుసార్లు వెళ్తుంది. మొదటిసారి వెళ్లాక వేరే నాలుగు అక్షరాలు గడిచి, ఆ తర్వాత రెండోసారి. అంటే మధ్యలో 400 మిల్లీసెకన్ల ఎడం. పిడుగు చప్పుడు పావు సెకను ఉంటే ఒక కాపీ పోయినా ఇంకోటి బతుకుతుంది.

ఇవి కాక మొత్తం పిలుపుకు చివర ఒక తనిఖీ అక్షరం ఉంటుంది. సమాచార అక్షరాలన్నిటి ఏడు బిట్లను నిలువుగా ఎక్స్-ఆర్ (ఒకట్లు బేసి అయితే 1, సరి అయితే 0) చేస్తే వచ్చేది అదే. జాగ్రత్త: ఫార్మాట్ గుర్తు రెండుసార్లు పంపినా లెక్కలో ఒక్కసారే చేర్చాలి. ముగింపు గుర్తు కూడా ఒక్కసారే. రెండుసార్లు చేరిస్తే ఎక్స్-ఆర్‌లో ఆ గుర్తు రద్దయిపోతుంది. అక్షరాలన్నీ సరిగ్గా వచ్చినా డీకోడర్ తనిఖీ తప్పు అంటూ ఉంటే ముందు చూడాల్సింది ఇదే.

ఒక పిలుపు ఎంతసేపు?

ఓడల తరహా వ్యక్తిగత పిలుపును లెక్కేద్దాం. సమయం కలుపుకోవడానికి 6 అక్షరాలు, ఫార్మాట్ 2, చిరునామా 5 (అక్షరానికి రెండు అంకెలు), వర్గం 1, సొంత నంబరు 5, ఆదేశాలు 2, ఫ్రీక్వెన్సీలు 6, ముగింపు 1, తనిఖీ 1, మళ్లీ ముగింపు 2. మొత్తం 31. రెండో కాపీల వరుస కూడా 31. 62 అక్షరాలకు 6.2 సెకన్లు, ముందు 20 బిట్ల చుక్కల వరుసకు (1, 0 మార్చి మార్చి పంపే ఆరంభం) 0.2. కలిపి 6.4 సెకన్లు. నాలుగంకెల సెల్‌కాల్‌లో చిరునామాలు రెండేసి అక్షరాలే కాబట్టి అసలు సందేశం ఇంకా చిన్నది.

మరి సెల్‌కాల్ అంతసేపు ఎందుకు గరగరలాడుతుంది?

స్కాన్ చేస్తున్న రిసీవర్ కోసం. అవతలి రిగ్ 8 ఛానెళ్లను అరసెకను చొప్పున తిరుగుతుంటే ఒక చుట్టుకు 4 సెకన్లు. మన చుక్కల వరుస 4 సెకన్లకంటే పొడవు లేకపోతే, అది మన ఛానెల్‌కు వచ్చేలోపే పిలుపు అయిపోతుంది. ఓడల్లో ప్రమాద పిలుపుకు 200 బిట్లు, అంటే 2 సెకన్లు పెట్టింది అందుకే. వాటి కాపలా రిసీవర్లు ఆలోపే చుట్టు పూర్తిచేస్తాయి. 'ఒకే ఛానెల్‌లో ఉంటే అందుతోంది, స్కాన్‌లో పెడితే అందడం లేదు' అనే ఫిర్యాదుకు తొంభై పాళ్లు కారణం ఈ పొడవు తక్కువవడమే. స్కాన్ ఛానెళ్లు తగ్గించండి లేదా ముందు వరుసను పెంచండి.

తిరుపతి నుంచి చిత్తూరుకు 70 కిలోమీటర్లే. అయినా ఎందుకు అందదు?

నేల తరంగానికి చంద్రగిరి వైపు కొండలు అడ్డం. దూరానికి వేసిన ఎత్తైన యాంటెన్నా నుంచి వెళ్లే తరంగమేమో చిత్తూరు నెత్తిమీదుగా వెళ్లి ఎక్కడో దూరాన దిగుతుంది. దగ్గరి ఊళ్లకు తరంగాన్ని నిట్టనిలువుగా పైకి పంపాలి. 7.1 మెగాహెర్ట్జ్‌కు మొత్తం 20.1 మీటర్ల డైపోల్, ఒక్కో వైపు 10.05, నేల నుంచి 4 నుంచి 6 మీటర్ల ఎత్తులో చాలు. రెండు కొబ్బరిచెట్లో, మేడ పిట్టగోడ మీద రెండు వెదురు బొంగులో ఉంటే అయిపోతుంది. వైరును పది, పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత కుదిరిందో చెప్పే కొలత) చూస్తూ మడవండి. ఎత్తు తక్కువైతే రెజొనెన్స్ కిందికి జరుగుతుంది. పగలు 40 మీటర్లు, పొద్దుపోయాక 80 మీటర్లు. అదే తిరుపతి, కుప్పం, మదనపల్లె మధ్య కూడా పనిచేస్తుంది.

సాయంత్రం ఏడు దాటాక సిగ్నల్ బలంగానే ఉన్నా డీకోడ్ కావడం లేదు. రిగ్ పాడైందా?

చాలాసార్లు రిగ్ తప్పు కాదు, ఆకాశానిది. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. పొద్దుగూకాక ఎఫ్ పొర (షార్ట్‌వేవ్‌ను కిందికి తిప్పి పంపే పై ఆకాశపు పొర) కింది నుంచి బుడగల్లా చీలి పైకి లేస్తుంది. దాన్ని ఈక్వటోరియల్ స్ప్రెడ్-ఎఫ్ అంటారు. తిరుపతి-చిత్తూరు దారిలో గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనశాల 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌తో దీన్నే అధ్యయనం చేస్తోంది. ఆ వేళ మాటలు వణికినట్టు వినిపిస్తాయి, టోన్ అంచులు చెదిరి 10 మిల్లీసెకన్ల బిట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్‌లలో ఎక్కువ. పవర్ పెంచితే పోదు. బ్యాండ్ మార్చడం, లేదా అర్ధరాత్రి దాటాక మళ్లీ పిలవడం మేలు.

వణుకు లేకుండా గరగర మాత్రమే ఉంటే ఇంట్లో వెతకండి. మెయిన్ ఆపి రిగ్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. చౌక ఎల్ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు, చేల దగ్గరైతే బోరు మోటారు స్టార్టర్లు మొదటి దోషులు.

వినడం నేర్చుకోవడానికి ఏది మంచిది?

విండోస్‌లో వైఏడీడీ అనే ఉచిత ప్రోగ్రామ్, లేదా మల్టీపీఎస్‌కే. రాత్రిపూట 8412.8 యూఎస్‌బీలో గంటసేపు ఉంచండి. రిసీవ్ సరిగ్గా ఉందా లేదా అన్నది ఒక్క రాత్రిలో తేలిపోతుంది. అక్కడ చూసిన ఓడల సందేశాలు మనకు ఉద్దేశించినవి కావు, వాటి వివరాలు బయట పెట్టకూడదు.

అలా వింటుండగా ప్రమాద పిలుపు కనిపిస్తే?

డీఎస్సీలో జవాబు ఇవ్వవద్దు. అందుకున్నట్టు చెప్పే పని తీర కేంద్రానిది. తొందరపడి ఇంకొకరు జవాబిస్తే అసలువాళ్లకు చేరకముందే పిలుపు ఆగిపోయే ప్రమాదం ఉంది. తెర మీద ఉన్న నంబరు, స్థానం, సమయం, ప్రమాద స్వభావం ఉన్నది ఉన్నట్టు రాసుకుని భారత తీర రక్షక దళం 1554 నంబరుకు ఫోన్ చేయండి. సగం చెడిపోయి వచ్చినా సరే, ఏ అంకెలు స్పష్టంగా వచ్చాయో, ఏవి రాలేదో విడిగా చెప్పండి. ఊహించి పూరించవద్దు.

ఏఎల్ఈ, జేఎస్8కాల్ ఉండగా ఇదెందుకు?

ఏఎల్ఈ (తానే లంకె కలుపుకునే హెచ్ఎఫ్ పద్ధతి) ఎనిమిది టోన్లతో 125 బాడ్ వేగంతో నడుస్తుంది. 750 నుంచి 2500 హెర్ట్జ్ దాకా ఆక్రమిస్తుంది. ఏ బ్యాండ్ తెరిచి ఉందో తానే చూసుకుంటుంది, చిరునామాగా కాల్‌సైన్‌నే వాడవచ్చు. దూరాల మధ్య, చాలా బ్యాండ్లు ఉన్నవాళ్లకు అదే గొప్ప. జేఎస్8కాల్ (కంప్యూటర్‌తో అక్షర సందేశాలు పంపే ప్రోగ్రామ్) అయితే 50 హెర్ట్జ్‌లలో, వినీ వినిపించనంత బలహీన సిగ్నల్‌తో కూడా సందేశం చేరుస్తుంది. కానీ దానికి కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉండాలి, ఒక్కో ఫ్రేమ్‌కు 15 సెకన్లు పడుతుంది. ఇంటర్నెట్ పోయిన తుపానులో గడియారం జరిగిపోతే చేత్తో సరిచేసుకోవాలి.

సెల్‌కాల్‌కు గడియారం అక్కర్లేదు, ఇరుకు జాగా చాలు, పాత సెల్‌కాల్ రిగ్‌లో కంప్యూటరే అక్కర్లేదు. ఒకే ఫ్రీక్వెన్సీలో కూర్చునే పది, ఇరవై మంది జిల్లా నెట్‌కు మేము దీన్నే ఎంచుకుంటాం. బలహీన సిగ్నళ్ల వేట మీ పని అయితే జేఎస్8కాల్ వైపు వెళ్లండి.